మాస్టారి చేతి అల్లిక

కొట్టు వెనక గది,
బుధవారం మధ్యాహ్నం

తమ్ముడూ,

నువ్వు పంపిన కాయితాలు అందాయి. సొంత వెబ్‌సైట్‌ని ప్రింటు తీయించుకుని పోస్టులో తెప్పించుకునే కొట్టు ఈ లోకంలో మాదొక్కటే అయి ఉంటుందని నువ్వు నవ్వుకుంటున్నావని నాకు తెలుసు. నవ్వుకో. ఫోన్‌లో చదవబోతే వేలు తగిలి పేజీ ఎక్కడికో పోతుంది, దాన్ని వెనక్కి పిలవడం నా వల్ల కాదు. కాయితం అయితే పెట్టిన చోటే ఉంటుంది. తప్పులున్న చోట ఎర్ర సిరాతో దిద్ది ఇందులోనే పెడుతున్నాను.

దిద్దడం సరే, ఆ నాలుగు ముక్కలూ ఫోన్‌లో చెప్పేయొచ్చు కదా అంటావు. మా కొట్టు నువ్వెరగనిదా? ముందొక గది, వెనకొక గది, మధ్యలో ఓ తెర. ఇక్కడ నేను తుమ్మితే అక్కడ మీ బావ "చల్లనీళ్ళు తాగకు" అంటారు. కొన్ని మాటలు ఆయన చెవిన పడకుండా చెప్పాలని ఉంటుంది. నీ కవర్లు మాత్రం ఆయన ముట్టుకోరు. అవి కంప్యూటర్ వాళ్ళ కాయితాలు, నాకెందుకు అంటారు.

మీ బావ సంతోషంగానే ఉన్నారు. రోజూ బోలెడుమంది సైట్ చూస్తున్నారని నువ్వు చెప్పిన దగ్గర్నుంచి పొద్దున్నే గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని మరీ కూర్చుంటున్నారు. వాళ్ళు చూసేది కుర్చీలనండీ, మిమ్మల్ని కాదు అన్నాను. "ఎవరు చూడొచ్చారు" అన్నారు.

దిద్దుబాట్లు చిన్నవే. మడత కుర్చీలు మనం బాగుచెయ్యం, అది తీసెయ్. ఫోన్ నంబరులో చివరి అంకె తప్పు. అన్నిటికంటే పైన పెద్ద అక్షరాలతో "ఇక్కడ ప్రతి కుర్చీ మాస్టారి చేతి అల్లిక" అని, ఊళ్ళో మీ బావని అందరూ పిలిచినట్టే పెట్టావు చూడు, అదీ తీసెయ్. పేము కుర్చీలు బాగుచేస్తామని రాస్తే చాలదా? మన గొప్ప మనం చెప్పుకుంటే ఏం బాగుంటుంది?

ఆఫీసు ఎలా ఉంది? వేళకి తింటున్నావా?

అక్క

*

మూడో అంతస్తు, నా గది,
ఆదివారం

అక్కా,

మడత కుర్చీలు తీసేశాను. అంకె మార్చాను. ఆ పై వాక్యం మాత్రం ముట్టుకోలేదు, ముట్టుకోను కూడా.

గొప్ప కాదక్కా అది, నిజం. సెలవులకి మీ దగ్గరికి వచ్చినప్పుడల్లా బావ పీట పక్కనే చేరేవాణ్ణి. నానిన పేము బద్ద ఒక బెజ్జంలో దూరి ఇంకో బెజ్జంలో తేలుతుంటే చూస్తూ అన్నం మాట మరిచిపోయేవాణ్ణి. సైట్ కట్టేటప్పుడు నాకు కష్టపడకుండా వచ్చిన వాక్యం అదొక్కటే. పైగా ఉత్తరం రాసేవాళ్ళందరూ దాన్నే పట్టుకుంటున్నారు. "నిజంగా మాస్టారే అల్లుతారా?" అని అడిగి, అవునంటేనే కుర్చీ తెస్తున్నారు.

ఇప్పుడు అసలు కబురు. మీ ఊరి గ్రంథాలయం కార్యదర్శి సైట్ చూసి రాశారు. చదువుకునే హాల్లో కుర్చీలన్నీ కుంగిపోయాయట. ఊడబెరికి రేకు సీట్లు వేయించమని కొందరంటే ఈయన ఒప్పుకోలేదట. "మాస్టారు స్వయంగా చేస్తారని మాట ఇస్తే మా కమిటీకి చెప్తాను" అన్నారు. ఇచ్చాను.

అందుకని ఒక్క పని చెయ్యి. బావ అల్లుతుండగా చిన్న వీడియో తీసి పంపు. మొహం కనబడక్కర్లేదు, చేతులు చాలు. అది పైన పెడితే ఇక ఎవరూ ఏమీ అడగరు.

ఆఫీసు సంగతి అడిగావు. ఎప్పట్లాగే ఉంది. అది కాక బయట చూసే సైట్లు కొన్ని. ఒక పళ్ళ డాక్టర్ గారున్నారు, వారం వారం ఫోన్ చేసి ఫోటోలో పళ్ళు ఇంకాస్త తెల్లగా చెయ్యమంటారు. ఇంకా తెల్లగా చేస్తే నోట్లో కాయితం పెట్టుకున్నట్టుంటుందండీ అని చెప్పినా వినరు. సైట్ కట్టడం ఒక ఎత్తు, కట్టినదాన్ని మోయడం ఇంకో ఎత్తు. "ఒక్క చిన్న మార్పు" అనే మాట వింటే చాలు, తల ప్రాణం తోకకొస్తోంది. నిన్ను అనట్లేదులే.

తమ్ముడు

*

కొట్టు వెనక గది,
శుక్రవారం

తమ్ముడూ,

వీడియో కుదరదు. మీ బావకి కెమెరా చూస్తే బిగుసుకుపోవడం అలవాటు. మా పెళ్ళి ఫోటోల్లో చూడు, ఎవరో పిస్తోలు గురిపెట్టినట్టు నిలబడ్డారు. బదులుగా ఈమధ్య తయారైన కుర్చీల ఫోటోలు ఫోన్‌లో పంపుతున్నాను, అవి పెట్టుకో.

గ్రంథాలయం వాళ్ళకి నన్ను అడక్కుండా మాట ఎందుకిచ్చావు? మీ బావకి చెప్తే పొంగిపోయారు. "హాలు కుర్చీలన్నీ మనవేనన్నమాట" అని ఆ సాయంత్రమంతా అదే మాట. సరేనని రాసెయ్యమన్నారు. నేను తెర ఇవతల కూర్చుని బద్దలు నానబెట్టుకుంటూ విన్నాను. అన్ని కుర్చీలు ఎప్పటికవుతాయి, ఎవరు చేస్తారు అని ఆయన అనలేదు, నేనూ అనలేదు.

నాకు మెడ పట్టేసింది. వేళ్ళ చివర్లు చీరుకుపోయి ఉల్లిపాయ తరగాలంటే భయమేస్తోంది. బద్దలకి పదును ఎక్కువ కదా, నానబెట్టి తీసేటప్పుడు గీసుకుంటాయి. పెద్దదేం కాదు.

ఆ పై వాక్యం ఇంకోసారి ఆలోచించు. ఊరికే అడగట్లేదు.

అక్క

*

మూడో అంతస్తు,
ఆదివారం

అక్కా,

ఫోటోలు పెట్టేశాను. కుర్చీలు అద్భుతంగా ఉన్నాయి, బావ చెయ్యి ఏమాత్రం తగ్గలేదు. నీ ఫోన్ మాత్రం అన్నిటినీ అద్దంలో చూసినట్టు తిప్పేసింది. కొన్ని ఫోన్లకి ఆ తెగులుంటుంది, కుడిని ఎడమ చేసేస్తాయి. నేను గమనించి అన్నీ సరిచేశాను. ఈసారి తీసేముందు ఫోన్ ఎవరికైనా చూపించు.

కార్యదర్శి గారు మళ్ళీ రాశారు. వీడియో లేకపోతే పోనీ, ఒకసారి కొట్టుకే వచ్చి మాస్టారి పని కళ్ళారా చూస్తానన్నారు. తప్పకుండా వెళ్ళండి, ఆయన ఎప్పుడూ అక్కడే ఉంటారు అని చెప్పాను.

ఆ వాక్యం గురించి వాదించే ఓపిక నాకు లేదు. ఉండనీ.

తమ్ముడు

*

కొట్టు,
సోమవారం

ఏం చేశావురా? మన దగ్గర కుర్చీ బాగుకిచ్చిన వకీలు గారు సైట్ చూసి కొట్టు మీదికొచ్చారు. ఆయన కుర్చీకి కుడి చేతి మీద చుట్ట కాలిన మచ్చ ఉంటుంది. వాళ్ళ నాన్నగారి చుట్ట. సైట్‌లో ఆ మచ్చ ఎడమ చేతి మీద ఉంది. "నా కుర్చీ ఎవరికో ఇచ్చేసి, అలాంటిదే ఇంకోటి చూపిస్తున్నారా" అని నలుగురిలో అడిగారు. కుర్చీ ఇక్కడే ఉంది కాబట్టి సరిపోయింది, తెచ్చి ముందు పెట్టాను. ఆయన మచ్చ తడిమి చూసుకుని వెళ్ళిపోయారు.

మా ఫోన్ బాగానే ఉంది. ఫోటోలు ఎలా పంపానో అలా పెట్టు.

అక్క

*

మూడో అంతస్తు,
గురువారం

అక్కా,

ఉత్తరం చూడగానే సరిచేశాను. వకీలు గారికి నా తరఫున క్షమాపణ చెప్పు.

కానీ నాకొకటి అర్థం కావట్లేదు. నేను ఊరికే తిప్పలేదు. బావ అల్లికలో అన్నిటికంటే పైన పడే ఏటవాలు వరస కుడి నుంచి ఎడమకి దిగుతుంది. కూర్చున్న మనిషి కుడి తుంటి దగ్గర మొదలై ఎడమ మోకాలి కిందికి. ఎన్ని సెలవులు చూశాను దాన్ని, కళ్ళు మూసుకుని చెప్పగలను. నువ్వు పంపిన ఫోటోల్లో అది ఎడమ నుంచి కుడికి దిగుతోంది. ఒక్క కుర్చీలో కాదు, అన్నిట్లో. అందుకే ఫోన్ తప్పనుకున్నాను.

మచ్చని చూస్తే నువ్వు పంపిందే నిజం. అల్లికని చూస్తే నేను తిప్పిందే నిజం. రెండూ ఎలా నిజమవుతాయి? ఇన్నేళ్ళ తర్వాత బావ పని తీరు మార్చుకున్నారా? దాచకుండా చెప్పు.

తమ్ముడు

*

కొట్టు వెనక గది,
శనివారం, మీ బావ కునుకు తీస్తుండగా

తమ్ముడూ,

నీ కళ్ళలో దోషం లేదు. ఫోన్‌లోనూ లేదు. ఆ కుర్చీలు నేను అల్లాను.

నాకు ఎడమచేతి వాటమని నువ్వు మరిచిపోయి ఉంటావు. చిన్నప్పుడే అమ్మ నా చేతి మీద కొట్టి కొట్టి తినడం, రాయడం కుడికి మార్పించింది. బద్ద పట్టుకుంటే మాత్రం ఎడమ చెయ్యే ముందుకొస్తుంది. దాన్నెవరూ కొట్టలేదు కాబట్టి అలాగే ఉండిపోయింది.

కిందటి చలికాలం మీ బావ కుడి చేతి వేళ్ళు తిమ్మిరెక్కడం మొదలైంది. చలికి అనుకున్నాం. తర్వాత పట్టు పోయింది. గ్లాసు పట్టుకుంటారు, తాళం తిప్పుతారు, చూసేవాళ్ళకి ఏమీ తెలియదు. సన్నని బద్ద మాత్రం వేళ్ళ మధ్య నిలవదు. మెడలో నరం నొక్కుకుపోయిందని డాక్టర్ అన్నారు. ఇక ఎంత వస్తే అంతే, ఆశ పెట్టుకోవద్దు అని కూడా అన్నారు. మీ బావ బయటికొచ్చి నన్నడిగిన మొదటి మాట, "ఎవరికీ చెప్పవు కదా?" రెండో మాట, "మీ తమ్ముడికి అసలే చెప్పకు. వాడు నన్ను చూస్తూ పెరిగాడు."

ఒప్పుకున్నాను. ఏం చెయ్యను? జనం ఆయన చేతిని నమ్మి వస్తారు. ఆ చెయ్యి లేదని తెలిస్తే కుర్చీ తీసుకుని పక్క వీధికి పోతారని ఆయన భయం. నేను ఇన్నేళ్ళూ బెజ్జాలు శుభ్రం చెయ్యడం, పాత అల్లిక కోసెయ్యడం, బద్దలు నానబెట్టడం చేసినదాన్నే. అల్లిక కూడా చూసి చూసి వచ్చేసింది. ఇప్పుడు ఆయన ముందు గదిలో కూర్చుని కుర్చీ తీసుకుంటారు, పట్టి చూస్తారు, "ఎల్లుండికి అల్లేస్తాను" అంటారు. తెర పక్కకి జరిపి నాకిస్తారు. నేను అల్లుతాను.

కష్టం పని కాదురా. పని చెయ్యగలను. కుర్చీ తీసుకెళ్ళడానికి వచ్చినాయన సీటు మీద అరచెయ్యి వేసి, "మాస్టారూ, మీ చెయ్యి మీ చెయ్యేనండీ" అంటాడు. మీ బావ తల ఊపుతారు. నేను అప్పుడే ఆయనకి టీ తెచ్చి ఇస్తుంటాను. మీ బావ నా వంక చూడరు. మొదట్లో జాలేసేది. తర్వాత కోపమొచ్చేది. ఇప్పుడు రెండూ లేవు, ఎక్కడైనా ఒరిగి కాసేపు కళ్ళు మూసుకుంటే బాగుండునని ఉంటుంది అంతే. మొన్న వకీలు గారి కుర్చీకి అంచు కడుతూ, ఇదెవరిదో ఎందుకు చేస్తున్నానో ఒక్క నిమిషం తట్టలేదు. భయమేసింది.

ఆ వాక్యం తీసెయ్యమని అందుకే అడిగాను. నా పేరు పెట్టమని కాదు. కాయితం మీద దాన్ని చూసినప్పుడల్లా నేను చచ్చిపోయినట్టుంటుంది.

ఈ ఉత్తరం చించెయ్. మీ బావకి తెలిసిందంటే నీ మొహం చూడరు.

అక్క

*

మూడో అంతస్తు,
మంగళవారం

అక్కా,

నీకు ఎడమచేతి వాటమని నాకు గుర్తే లేదు. అమ్మ కొడుతుంటే నేను పక్కనే ఉండి ఉంటాను కదా. చించెయ్యమన్నావు, చేతులు రాలేదు. బట్టల కింద పెట్టాను.

వాక్యం తీసేశాను. ఆ చోటు ఖాళీగా ఉంది, ఉండనీ.

అంత మొండిగా ఎందుకు పట్టుకున్నానో కూడా చెప్పేస్తాను. వేసవిలోనే మా ఆఫీసులో నన్ను తీసేశారు. నీకు చెప్తే అన్నం మానేస్తావని చెప్పలేదు. అప్పట్నుంచి పళ్ళ డాక్టర్లు, వకీళ్ళు, ట్యూషన్ సెంటర్లు, వీళ్ళ సైట్లతోనే బండి లాగుతున్నాను. కొత్తవాళ్ళ దగ్గరికి వెళ్ళినప్పుడు నేను ముందు చూపించేది నీ సైటే. ఆ వాక్యం చదివి జనం కాస్త మెత్తబడతారు, "మాకూ ఇలాంటిదొకటి రాయండి" అంటారు. నువ్వు బావ మాట మీద ఆయన్ని మోస్తున్నావు. నేను అడక్కుండానే మీ ఇద్దరి మీదా ఎక్కి కూర్చున్నాను.

ఇప్పుడు ఇంకో తప్పు ఉంది, ఇది తిప్పేస్తే సరిపోయేది కాదు. కార్యదర్శి గారిని కొట్టుకి వెళ్ళమన్నాను కదా. ఆపుదామని ఫోన్ చేశాను. ఈ శనివారమే వెళ్తున్నానని, మాస్టారి పని చూడ్డానికి కమిటీలో ఇంకొకాయన్ని కూడా తీసుకెళ్తున్నానని ఉత్సాహంగా చెప్పారు. ఆరోగ్యం బాగాలేదని అబద్ధం చెప్పబోయాను, అది అబద్ధం కూడా కాదు కదా అని నోరు ఆగిపోయింది. ఫోన్ చేస్తే బావ చెవిన పడుతుంది, అందుకే ఈ ఉత్తరం వాళ్ళకంటే ముందు నీకు చేరాలని స్పీడు పోస్టులో వేస్తున్నాను. ఏం చెయ్యాలో నువ్వే చూసుకో. నన్ను తిట్టు, పడతాను.

తమ్ముడు

*

ఇంట్లో, కిటికీ పక్కన,
ఆదివారం

తమ్ముడూ,

వాళ్ళు నిన్న పొద్దున్నే వచ్చేశారు, నీ ఉత్తరం వాళ్ళు వెళ్ళాక చేరింది. తిట్టే ఓపిక లేదు కానీ విను. నీ ఉద్యోగం సంగతి ఏదో జరిగిందని నాకు అనుమానమే. నీ కవర్ల మీద ఆఫీసు ముద్ర మానేసి చాలాకాలమైంది. నువ్వు చెప్పేదాకా అడక్కూడదనుకున్నాను.

ఇద్దరొచ్చారు. కార్యదర్శి గారు మెత్తని మనిషి, గుమ్మంలోనే చెప్పులు విడవబోతే నేనే వద్దన్నాను. రెండో ఆయన రేకు సీట్ల పక్షం అనుకుంటాను, నిలబడే మాట్లాడారు. మీ బావ కుర్చీల గురించి చెప్తూంటే ఎంత బాగా చెప్తారో నీకు తెలుసుగా. పేము ఎందుకు కుంగుతుంది, ఎండలో ఎందుకు పెట్టకూడదు, అంతా చెప్పారు. రెండో ఆయన విని, "అదంతా సరే మాస్టారూ, కాస్త చేసి చూపించండి" అన్నారు.

నేను తెర ఇవతల సగం అల్లిన కుర్చీ ముందున్నాను. మీ బావ పీట మీద కూర్చుని, తొట్లోంచి బద్ద తీశారు. ఎలా తెలుసంటే, నీళ్ళ చప్పుడు వినిపించింది. తర్వాత అది నేల మీద పడ్డ చప్పుడు. మళ్ళీ తీశారు. మళ్ళీ పడింది. నేను లేవాలా, కూర్చోవాలా తెలియక అలాగే ఉన్నాను. వెళ్ళి ఏదో ఒకటి చెప్పి కాపాడాలనిపించింది. ఈసారి కాపాడకూడదని కూడా అనిపించింది. ఆ రెండోది అనుకున్నందుకు రాత్రంతా బాధపడ్డాను, కానీ అనుకున్నాను.

అప్పుడు తెర జరిగింది. మీ బావ తెర చేత్తో పట్టుకుని నిలబడి, "లోపలికి రండి. అల్లేది ఈవిడ" అన్నారు.

వాళ్ళు వచ్చారు. ఆ ఇరుకులో నిలబడ్డానికి చోటు లేదు, కుర్చీల కాళ్ళ మధ్య కాళ్ళు పెట్టుకుని నిలబడ్డారు. మీ బావ నన్ను అల్లమని చెప్పలేదు. నేనే మొదలుపెట్టాను. కార్యదర్శి గారు వంగి చూసి, "సైట్‌లో మాస్టారని ఉంది కదా" అన్నారు. మీ బావ అన్నారు, "నా చెయ్యి పోయిందండి, చలికాలం నుంచి. మీరు సైట్‌లో చూసి మెచ్చుకున్న కుర్చీలన్నీ ఈవిడవే. నేను ముందు కూర్చుని మెప్పు తీసుకుంటున్నాను." పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన గొంతు అలా ఉండగా వినలేదు.

రెండో ఆయన వేలితో సీటు నొక్కి చూశారు. కుర్చీలు మొత్తం ఇస్తామనలేదు. కిటికీ వైపు వరస ముందు చేసివ్వండి, చూసి మిగతావి చెప్తాం అన్నారు. అంతకంటే ఎక్కువ ఇచ్చి ఉంటే నాకే ఏడుపొచ్చేది.

వాళ్ళు వెళ్ళాక మీ బావ భోజనం చేశారు, పడుకోలేదు. నాకు ఒకటే బెంగ. ఇన్నాళ్ళూ అంత గట్టిగా దాచుకున్నది నలుగురి ముందు పెట్టుకున్న మనిషి ఏమైపోతారోనని. సాయంత్రం వెనక గదిలోకి వచ్చి, కుర్చీలు ఎత్తి చోటు చేసి నా ఎదురుగా కూర్చున్నారు. "నాకు సెలవు లేదని నేనెప్పుడూ అనుకోలేదు. ఒళ్ళు బాగాలేకపోతే మానేసేవాణ్ణి. నువ్వు ఈ ఏడాదిలో ఒక్క రోజైనా మానేశావా?" అని అడిగారు. లేదన్నాను. "వారంలో ఏ రోజు కావాలి నీకు?" అన్నారు.

నాకు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. నిద్రొచ్చింది. ఆలోచించి చెప్తానని అక్కడే గోడకి ఆనుకుని పడుకున్నాను. లేచేసరికి ఇల్లు చేరే వేళయింది, కొట్టు ఆయనే ఊడ్చి పెట్టారు.

పైన ఖాళీగా ఉంచుతావో, ఎవరు అల్లుతున్నారో రాస్తావో నీ ఇష్టం. ఇద్దరం కలిసి ఒప్పుకున్నాం. మీ బావని మాత్రం తీసెయ్యకు, పేము గురించి ఆయనకి తెలిసినంత నాకు తెలియదు. నువ్వు కొత్తవాళ్ళకి మా సైట్ చూపించుకో, నాకేం అభ్యంతరం లేదు. వీలైనప్పుడు ఒకసారి వచ్చి పో.

సైట్‌లో అన్నిటికంటే ముందు, గురువారం సెలవని పెట్టు. కొట్టు మూసెయ్యాలా అని మీ బావని అడిగాను. అక్కర్లేదట, ఆయన కూర్చుంటారట. ఎవరైనా వచ్చి ఇవాళ సెలవా అని అడిగితే, "కొట్టుకి కాదు, ఆవిడకి" అని చెప్తారట.

అక్క